పదహారేళ్ల ముద్దాయి పక్షాన: వాల్టర్ డీన్ మయర్స్ జీవితం, రచన



ఎవరి పేరు మీద ఈ ఉపన్యాసం జరుగుతోందో ఆ మాస్టారు ఉద్యోగరీత్యా లెక్కలు చెప్పారు. ఊరు మాత్రం ఆయన్ని పిల్లల చేతికి పుస్తకం అందించిన మనిషిగానే గుర్తుపెట్టుకుంది. విషయం నా ఇష్టానికే వదిలేశారు కాబట్టి, స్మారకోపన్యాసాల్లో సాధారణంగా వినబడని పేరు ఒకటి ఎత్తుకుంటున్నాను. వాల్టర్ డీన్ మయర్స్ అమెరికన్ నల్లజాతి రచయిత. పన్నెండు, పద్దెనిమిదేళ్ల మధ్య పిల్లల కోసం జీవితమంతా రాశాడు. నూరు పుస్తకాలకు పైగా వేశాడు. 2014 జులై 1న, డెబ్బై ఆరేళ్ల వయసులో పోయాడు.

పోవడానికి మూడున్నర నెలల ముందు, ఆ మార్చిలో, న్యూయార్క్ టైమ్స్‌లో ఒక వ్యాసం రాశాడు. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో పిల్లల పుస్తకాల కేంద్రం ఒకటుంది. ఏటా వచ్చిన పుస్తకాలు చూసి లెక్క కడుతుంది. 2013లో వచ్చిన దాదాపు 3,200 పిల్లల పుస్తకాల్లో నల్లవాళ్ల గురించి ఉన్నవి 93. నూటికి మూడు కూడా కాదు. ఆ లెక్క ముందు పెట్టుకుని మయర్స్ అడిగిన ప్రశ్న ఒక్కటే: మరి మా పిల్లలు పుస్తకాల్లో ఏరి? అదే రోజు అదే పత్రికలో అతని కొడుకు, చిత్రకారుడు క్రిస్టఫర్ మయర్స్ రాసిన వ్యాసం కూడా పడింది. తండ్రీకొడుకులిద్దరూ ఒకే ఫిర్యాదు మీద సంతకం చేసినట్టయింది. తండ్రికి అది కొత్త ఫిర్యాదేమీ కాదు. చిన్నప్పటి నుంచీ మోస్తున్నదే.

అతను పుట్టింది 1937 ఆగస్టు 12న, వెస్ట్ వర్జీనియా రాష్ట్రం మార్టిన్స్‌బర్గ్‌లో. అసలు పేరు వాల్టర్ మిల్టన్ మయర్స్. బిడ్డకు రెండేళ్లు దాటకముందే తల్లి కాన్పులో పోయింది. తండ్రికి చాలామంది పిల్లలు, చేతిలో డబ్బు లేదు. అంతకుముందు ఆయనకు ఫ్లోరెన్స్ అనే భార్య ఉండేది. ఆమె విడిపోయి, హెర్బర్ట్ డీన్ అనే ఆయన్ని పెళ్లాడింది. తన ఆడపిల్లల్ని తీసుకుపోదామని వచ్చిన ఆ దంపతులు ఈ పసివాణ్ణి కూడా వెంట తీసుకుపోయి న్యూయార్క్ హార్లెమ్‌లో పెంచారు. మాజీ భర్తకు రెండో భార్య కన్న కొడుకు! మన ఇళ్లల్లో అయితే నాలుగు తరాలు చెప్పుకునే సంగతి. వాళ్లు మాత్రం పెద్ద త్యాగం చేసినట్టు ఎక్కడా అనుకోలేదట. తరవాత రచయిత అయినప్పుడు వాల్టర్ తన పేరు నడుమ ఉన్న మిల్టన్ తీసేసి ఆ డీన్ పెట్టుకున్నాడు.

ఫ్లోరెన్స్ పెద్దగా చదువుకోలేదు. ఇళ్లల్లో పనిచేసేది. తీరిక దొరికినప్పుడు ‘ట్రూ రొమాన్స్’ లాంటి చవకబారు ప్రేమకథల పత్రికలు చదువుకునేది. పిల్లవాణ్ణి దగ్గర కూర్చోబెట్టుకుని, మాట కింద వేలు జరుపుకుంటూ పైకి చదివేది. వాడు ఆ వేలినే చూస్తూ ఉండేవాడు. అయిదేళ్లొచ్చేసరికి ఆమె ఇంటిపని చేసుకుంటుంటే తనే ఆ కథలు ఆమెకు చదివి వినిపించేవాడు. బాలసాహిత్యం ఎలా ఉండాలో తీర్మానాలు చేసే పెద్దమనుషులు ఈ సంగతి కాస్త గుర్తు పెట్టుకుంటే బాగుంటుంది. పిల్లల రచయితగా పేరు తెచ్చుకున్న మనిషికి అక్షరాలు అబ్బింది పెద్దల ప్రేమకథల్లో.

వాల్టర్‌కు మాట సరిగా తిరిగేది కాదు. కొన్ని శబ్దాలు పలకలేకపోయేవాడు. క్లాసులో నవ్వితే చెయ్యి చేసుకునేవాడు. బడికి వాడొక బెడద. అయిదో క్లాసులో ఒకసారి పాఠం జరుగుతుంటే కామిక్ పుస్తకం చదువుతూ టీచరమ్మకు దొరికిపోయాడు. ఆవిడ దాన్ని లాక్కుని చింపేసింది. అంతటితో ఊరుకుంటే మనకు బాగా తెలిసిన కథే. మర్నాడో మూడోనాడో ఆవిడే తన ఇంటి నుంచి మంచి పుస్తకాలు మోసుకొచ్చి వాడి ముందు పెట్టింది. చదివి వినిపించమన్నప్పుడు మాట తడబడుతుందని, సొంతంగా రాసుకున్నది చదవొచ్చని బళ్లో వెసులుబాటు ఇచ్చారు. దాంతో తనకు పలకడం రాని శబ్దాలు తగలకుండా పద్యాలు అల్లుకున్నాడు. ఈ మనిషి రాయడం మొదలుపెట్టింది అలాగ, నోటికి అడ్డుపడే మాటల్ని చుట్టుతిరిగి పోవడానికి.

లైబ్రరీకి పోవడం అలవాటైంది గాని అక్కడ ఇంకో చిక్కు. మనిషి ఎత్తరి. బాస్కెట్‌బాల్ ఆడే రకం. అలాంటివాడు చంకలో పుస్తకాలతో వీధిలో నడిస్తే తోటి కుర్రాళ్లు ఏడిపిస్తారు. అందుకని కిరాణా కాగితపు సంచిలో పుస్తకాలు పెట్టుకుని ఇంటికి తెచ్చుకునేవాడు. సిగరెట్లు దాచుకున్నట్టు పుస్తకాలు దాచుకున్నాడన్న మాట. 

స్టైవెసంట్ హైస్కూలు న్యూయార్క్‌లో పేరున్నది, తెలివైనవాళ్లకే సీటు వచ్చేది. అందులో చేరాడు. కాని ఇల్లు అప్పటికే చితికిపోతోంది. దగ్గరి బంధువు చావుతో హెర్బర్ట్ కుంగిపోయాడు. ఫ్లోరెన్స్ తాగుడుకు అలవాటుపడింది. కాలేజీకి పంపే స్తోమత లేదని పిల్లవాడికి అర్థమైపోయింది. కాలేజీ లేనప్పుడు ఈ బడెందుకని మానేస్తూ, పార్కుల్లో కూర్చుని చదువుకుంటూ తిరిగాడు. అంతవరకూ చదివిన పుస్తకాల్లో తనలాంటివాడు ఎక్కడా లేడన్న సంగతి సరిగ్గా ఆ వయసులోనే తగిలింది. షేక్‌స్పియర్ ఉన్నాడు, బాల్జాక్ ఉన్నాడు, హార్లెమ్ లేదు. మనుషులంటే వీళ్లేనేమో, నేను అందులో లేనేమో అన్న అనుమానం మొదలైతే పదిహేనేళ్లవాడికి చదువు మీద మనసు నిలవదు. పదిహేడో పుట్టినరోజున, 1954లో, సైన్యంలో చేరిపోయాడు.

సైన్యం నుంచి తిరిగొచ్చాక దొరికిన పనల్లా చేశాడు. పోస్టాఫీసులో చేశాడు, కొరియర్ కుర్రాడిగా తిరిగాడు, కట్టడాల దగ్గర కూలి చేశాడు. ఒకనాడు ఒళ్లంతా దుమ్ముకొట్టుకుని పనిలో ఉండగా, ఏం జరిగినా రాయడం మాత్రం మానకు అని హైస్కూల్లో ఒక టీచరు చెప్పిన మాట గుర్తొచ్చిందట. వెళ్లి ఒక నోటుపుస్తకం కొనుక్కున్నాడు. చిన్నాచితకా పత్రికలకు రాయడం మొదలుపెట్టాడు. ఆ రోజుల్లోనే జేమ్స్ బాల్డ్విన్ 1957లో రాసిన ‘సనీస్ బ్లూస్’ కథ చేతికొచ్చింది. హార్లెమ్ నేపథ్యం. లెక్కల టీచరైన అన్న, హెరాయిన్‌కు అలవాటుపడి జైలుకెళ్లొచ్చిన పియానో వాయించే తమ్ముడు. ఆ కథ తనకు కొత్త విద్యేమీ నేర్పలేదని, మా వీధి గురించి రాయొచ్చన్న అనుమతి ఇచ్చిందని మయర్స్ ఎన్నోసార్లు చెప్పుకున్నాడు. బాల్డ్విన్‌ను కలిసినప్పుడు ఆయనకూ చెప్పాడు.

1968లో పిల్లల పుస్తకాల్లో జాతుల మధ్య సమానత్వం కోసం పనిచేసే ఒక మండలి నల్లజాతి రచయితలకు పోటీ పెట్టింది. మయర్స్ గెలిచాడు. పోటీలో నెగ్గిన రచన బొమ్మల పుస్తకంగా 1969లో అచ్చయింది. 1970లో బాబ్స్ మెరిల్ ప్రచురణ సంస్థలో ఎడిటరు ఉద్యోగం వచ్చింది. తొలి నవల పుట్టుక మాత్రం ఇంకా తమాషా. టీనేజీ కుర్రాళ్ల మీద ఒక చిన్న కథ రాసి పంపాడు. దాన్ని చదివిన ఎడిటరు ఒక విందులో ఎదురై, నవల మొదటి అధ్యాయం బాగుంది, తరవాతేమవుతుంది అని అడిగింది. అది కథేనండీ అని నోరు జారలేదు మనవాడు. అక్కడికక్కడ తరవాతి కథ అల్లి చెప్పేశాడు. 1975లో ‘ఫాస్ట్ శామ్, కూల్ క్లైడ్ అండ్ స్టఫ్’ వచ్చింది. 1977లో ఉద్యోగం పోయింది. ఇక రాసుకునే బతుకుదామని భార్య కాన్‌స్టన్స్, అతనూ నిశ్చయించుకున్నారు. చివరిదాకా అదే వృత్తి.

వృత్తి అన్న మాట ఊరికే అనలేదు. తెల్లవారుజామున లేచి, వారానికి అయిదు రోజులు, రోజుకిన్ని పేజీలని లెక్కపెట్టుకుని రాసేవాడు. ముందు కథ మొత్తం రూపురేఖలు గీసుకునేవాడు. పాత్రలకు సరిపోయే ముఖాలు పత్రికల్లోంచి కత్తిరించి పెట్టుకుంటే, భార్య వాటిని అతికించి గోడకు తగిలించేది. నవల పూర్తయ్యేదాకా ఆ కుర్రాళ్లు గోడ మీంచి చూస్తూ ఉండేవాళ్లు. ప్రేరణ వచ్చినప్పుడే కలం పడతాననే మన కవిమిత్రులకు ఇది నచ్చకపోవచ్చు. నూరు పుస్తకాలూ ఒక్క స్థాయిలో లేవు, నిజమే. ఆటల నవలలు కొన్ని ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. ఆడపిల్లలు చాలాచోట్ల పక్క పాత్రలుగానే ఉండిపోతారు. అయినా ‘స్కార్పియన్స్’, ‘ఫాలెన్ ఏంజెల్స్’, ‘మాన్‌స్టర్’ అన్న మూడు నవలలు చాలు, ఆ మనిషి ఎవరో తెలియడానికి.

‘ఫాలెన్ ఏంజెల్స్’ 1988లో వచ్చింది. హార్లెమ్ నుంచి వియత్నాం యుద్ధానికి వెళ్లిన రిచీ పెర్రీ అనే పదిహేడేళ్ల వాడి కథ. వాడికి మోకాలి దెబ్బ ఉంది, యుద్ధానికి పనికిరాడు. ఆ సంగతి చెప్పే కాగితాలు మాత్రం ఎక్కడో ఆఫీసుల మధ్య చిక్కుకుని రావు. ఈలోగా వాడు అడవిలో ఉంటాడు. ఈ పుస్తకం వెనక ఒక శవపేటిక ఉంది. మయర్స్ తమ్ముడు థామస్, ఇంట్లో సనీ అంటారు, అన్నను చూసి సైన్యంలో చేరాడు. 1968 మే 7న వియత్నాంలో చనిపోయాడు. బాల్డ్విన్ కథలో తమ్ముడి పేరు కూడా సనీయే కావడం యాదృచ్ఛికం గాని, చదివేవాడికి ఒక్క క్షణం ఊపిరి ఆగుతుంది. నవల ఆ తమ్ముడికే అంకితం. సైనికులు మాట్లాడే బూతులు ఉన్నాయని ఈ పుస్తకాన్ని బడి గ్రంథాలయాల నుంచి తీసెయ్యాలని దశాబ్దాల తరబడి ఫిర్యాదులొచ్చాయి. అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ ప్రకటించే అభ్యంతరాల జాబితాల్లో మళ్లీ మళ్లీ కనిపించే పేరిది. పదిహేడేళ్లవాడు తుపాకీ పట్టుకుని చావడానికి లేని అభ్యంతరం వాడి నోట్లోంచి వచ్చే మాటకు వచ్చింది.

‘మాన్‌స్టర్’ దగ్గర కొంచెంసేపు ఆగుతాను. 1999 నాటి నవల. స్టీవ్ హార్మన్‌కు పదహారేళ్లు. హార్లెమ్ నల్లజాతి కుర్రాడు. మయర్స్ చదివిన స్టైవెసంట్ హైస్కూల్లోనే చదువుతున్నాడు, బడి సినిమా క్లబ్బులో ఉన్నాడు. ఒక మందుల షాపు దోపిడీలో యజమాని తన సొంత తుపాకీకే బలవుతాడు. కాల్చినవాడు వేరే. లోపల పోలీసులున్నారో లేదో ముందుగా వెళ్లి చూసొచ్చాడని స్టీవ్ మీద అభియోగం. హత్యానేరం కిందే విచారణ. వాడు జైల్లో కూర్చుని, తన విచారణనే సినిమా స్క్రిప్టుగా రాసుకుంటాడు. నవలంతా ఆ స్క్రిప్టే: దృశ్యం, కెమెరా ఎక్కడుంది, ఎవరు ఏమన్నారు. మధ్యమధ్య చేతిరాత అక్షరాలతో వాడి డైరీ. స్క్రిప్టులో స్టీవ్ ఒక పాత్ర. డైరీలో మాత్రం ‘నేను’. రాత్రిళ్లు పక్క గదుల్లో ఎవరినో కొడుతున్న చప్పుడు, అందరి ఎదుటా వాడాల్సిన మరుగుదొడ్డి, అద్దంలో తన ముఖం గుర్తుపట్టలేకపోవడం, ఇవన్నీ ఆ డైరీలోనే.

ఈ రూపం మయర్స్‌కు ఊరికే తట్టలేదు. జైళ్లలోనూ బాలనేరస్తుల గృహాల్లోనూ ఖైదీలతో చాలాకాలం మాట్లాడాడు. వాళ్లు తమ బాల్యం చెప్పేటప్పుడు నేను, నేను అని చెప్పేవాళ్లు. నేరం దగ్గరికి వచ్చేసరికి ఆ నేను జారిపోయి, ఎవరో చేసినట్టు, ఏదో జరిగినట్టు మాట మారేది. ఆ జారుడు దగ్గరే అతను నవల కట్టాడు. దిద్దుబాటు కోసం నీతికథ రాసే రచయిత అయితే స్టీవ్‌ను అమాయకుడిగానో దోషిగానో తేల్చేసి మనల్ని ఇంటికి పంపేవాడు. మయర్స్ ఆ సౌకర్యం ఇవ్వడు. స్టీవ్ ఆ షాపులోకి వెళ్లాడా, వెళితే ఎందుకు వెళ్లాడు అన్నది చివరిదాకా మన మెడ మీదే ఉంటుంది.

తీర్పు రోజు. స్టీవ్ నిర్దోషి అంటారు. వాడు ఆనందం పట్టలేక తన తరఫు లాయరమ్మ ఓబ్రయన్‌ను కౌగిలించుకోబోతాడు. ఆమె బిగుసుకుపోతుంది. పక్కకు తిరిగి బల్ల మీది కాగితాలు సర్దుకుంటుంది. అంతే, ఇంకో మాట లేదు. విడుదలైన కుర్రాడు నెలల తరబడి కెమెరా తనవైపు తిప్పుకుని తనను తాను చిత్రించుకుంటూనే ఉంటాడు, ఆవిడకు నాలో ఏం కనిపించింది అని. కేసు గెలిపించిన మనిషే నమ్మని నిర్దోషిత్వం ఏ పాటిది అన్న ప్రశ్నను పదహారేళ్ల పాఠకుడి చేతిలో పెట్టిన నవలలు నాకు తెలిసి తక్కువ. మైఖేల్ ప్రింట్జ్ పేరిట యువ పాఠకుల సాహిత్యానికి అమెరికాలో కొత్తగా నెలకొల్పిన పురస్కారం 2000లో మొట్టమొదటిసారి ఈ పుస్తకానికే ఇచ్చారు. తరవాత సినిమా కూడా తీశారు. పుస్తకం చదివి చూడండి, సినిమా సంగతి తరవాత.

ఇప్పుడు హెర్బర్ట్ డీన్ గురించి. పెంచిన తండ్రి. కష్టజీవి, పిల్లవాడికి దెయ్యాల కథలు అద్భుతంగా చెప్పేవాడు. కాని కొడుకు రచయిత అయ్యాక ఆ పుస్తకాల గురించి ఒక్క మాట అనలేదు. వాల్టర్‌కు అది ముల్లులా ఉండేది. హెర్బర్ట్ చెప్పిన కథనే పుస్తకంగా వేసినా నోరు విప్పలేదు. చివరికి జబ్బుపడి మంచాన ఉన్నప్పుడు కొడుకు పుస్తకం చేతికిస్తే, కాసేపు పట్టుకుని పక్కన పెట్టేశాడు. ఆయన పోయాక కాగితాలు సర్దుతుంటే, సంతకం ఉండాల్సిన చోటల్లా ఇంటూ గుర్తు కనిపించింది. తండ్రికి చదవడం రాదు. ఆ ఇంట్లో అన్నేళ్లూ ఆ సంగతి కొడుక్కి తెలియలేదు.

2012, 2013 సంవత్సరాలకు మయర్స్ అమెరికా యువసాహిత్య జాతీయ రాయబారిగా ఉన్నాడు. ఆ పదవిలో మూడోవాడు. మామూలుగా ఆ హోదాలో ఉన్నవాళ్లు పుస్తకపఠనం ఎంత ఆనందమో చెబుతారు. ఈయన ఆనందం జోలికి పోలేదు. చదవడం మీ ఇష్టానికి వదిలేసిన విషయం కాదు అన్నాడు. చదువు రాని నల్ల పిల్లవాడికి ఈ దేశంలో దొరికే చోటు ఏదో ఖైదీల దగ్గర చూసొచ్చిన మనిషి కనక, ఇంటూ గుర్తులు చూసిన మనిషి కనక, ఆ మాట కఠినంగా వచ్చింది. నాకైతే ఆ కఠినత్వమే ఇష్టం.

ఆయన తరవాత ఏమైంది? జేసన్ రేనాల్డ్స్ అని ఇవాళ అమెరికాలో పిల్లలు ఎగబడి చదివే రచయిత ఉన్నాడు. రాయడం వదిలేసి బట్టల షాపులో పనిచేస్తున్న రోజుల్లో, స్నేహితుడు క్రిస్టఫర్ మయర్స్ మా నాన్న పుస్తకాలు చదివి చూడు అన్నాడు. చదివింది ‘ద యంగ్ లాండ్‌లార్డ్స్’, ఒక్క డాలరుకు పాతభవనం కొని ఇంటి యజమానులైపోయిన పిల్లల కథ. తన వీధి భాషలోనే రాయొచ్చన్నమాట అని రేనాల్డ్స్‌కు అనిపించింది. బాల్డ్విన్ మయర్స్‌కు ఇచ్చిన అనుమతి ఇలా చేతులు మారింది. మయర్స్ పేరిట నెలకొల్పిన వాల్టర్ పురస్కారం 2016లో తొలిసారి అందుకున్న ‘ఆల్ అమెరికన్ బాయ్స్’ రచయితలిద్దరిలో ఒకడు ఈ రేనాల్డ్సే. 2020లో అతనూ జాతీయ రాయబారి అయ్యాడు.

హార్లెమ్ గోడు మనకెందుకు అనే పెద్దలు ఈ సభలో ఉంటే వాళ్లకో మాట. మయర్స్ చివరిదాకా ఉన్నది న్యూజెర్సీ రాష్ట్రం జెర్సీ సిటీలో. ఇవాళ మన తెలుగు పిల్లలు చాలామంది చదువుకుంటున్న చోటు. అమెరికా బళ్లలో చాలాచోట్ల ‘మాన్‌స్టర్’ చదివిస్తారు. వేసవి సెలవులకు అమ్మమ్మ ఇంటికొచ్చిన మనవడు తన వయసుకు తగ్గ తెలుగు పుస్తకం అడిగితే మన దగ్గర ఏముంది?

మనకు ‘చందమామ’ ఉండేది. 1947 నుంచి తరాల తరబడి పిల్లల్ని పెంచింది. దాని మీంచి మా తరం నేరుగా మధుబాబు, యండమూరి నవలల దగ్గరికి దూకేసింది. మధ్యలో మెట్టు లేదు. బాల్యం గురించి మనకు గొప్ప పుస్తకాలు లేవని కాదు. ముళ్లపూడి ‘బుడుగు’ ఉంది, నామిని ‘మిట్టూరోడి కథలు’ ఉన్నాయి, ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కథలు’ ఉన్నాయి. నాకు ప్రాణం. కాని అవన్నీ ఎదిగిన మనిషి వెనక్కి తిరిగి చూసుకుని నవ్వుకున్నవి, కంటతడి పెట్టుకున్నవి. చదివి మురిసిపోయేది కూడా మనలాంటి ఎదిగినవాళ్లమే. ఇప్పుడు పదహారేళ్లున్నవాడు, వాడి ఇప్పటి భయం, ఇప్పటి తప్పు, వాడి కోసమే రాసిన పుస్తకం ఏది? హైదరాబాద్‌లోని అన్వేషి సంస్థ 2008లో ‘డిఫరెంట్ టేల్స్’ పేరిట దళిత, ముస్లిం పిల్లల కథలు బొమ్మల పుస్తకాలుగా వేసింది. మంచి పని. తరవాత ఆ దారిలో నడిచినవాళ్లు చాలా తక్కువ.

మన పదహారేళ్లవాడు కార్పొరేట్ కాలేజీ హాస్టల్లో ఎంట్రన్స్ పరీక్ష బిట్లు బట్టీపడుతున్నాడు. గురుకులంలో స్టడీ అవర్‌లో కూర్చుని ఉన్నాడు. మెకానిక్ షెడ్డులో ఉన్నాడు. అబ్జర్వేషన్ హోమ్‌లో కూడా ఉన్నాడు. ర్యాంకు రాలేదని ఉరేసుకున్నప్పుడు పేపర్లో వార్త అవుతాడు, బైకు దొంగతనంలో దొరికినప్పుడు జిల్లా పేజీలో ముఖానికి గుడ్డ కట్టుకుని నిలబడతాడు. వాడు నవల కావడం మాత్రం లేదు. వాడి గురించి రాస్తే చెడిపోతాడని భయపడేవాళ్లు, వాడి సెల్‌ఫోన్‌లో ఏముందో ఒకసారి చూసి అప్పుడు మాట్లాడాలి.

నిర్వాహకులకు ఒక విన్నపం చేసి ముగిస్తాను. ఏటా ఈ సభకు పెట్టే ఖర్చులో శాలువా, జ్ఞాపిక, దండల డబ్బు పక్కన పెట్టండి. నాకు ఇవాళ కప్పబోయే శాలువాతోనే మొదలుపెట్టండి. పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల పాఠకుల కోసం రాసిన ఒక తెలుగు నవలకు మాస్టారి పేరిట బహుమతి ప్రకటించండి. అచ్చయి ఉండక్కర్లేదు, చేతిరాత ప్రతి అయినా చాలు. న్యాయనిర్ణేతలుగా మాలాంటివాళ్లను పిలవకండి. ఈ సభలో వెనక వరసల్లో ఉన్న హైస్కూలు పిల్లల్నే కూర్చోబెట్టండి. రాసేవాళ్లు ఈ సభలోనే ఉంటే, వచ్చే ఏడాది ఇదే రోజుకు ప్రతి సిద్ధం చేసుకుని రండి.